బోరు శాస్త్రం

భీమవరం చుట్టుపక్కల కోడిని బరిలోకి దింపాలంటే కుక్కుట శాస్త్రం ఉంది. ఏ వారం, ఏ నక్షత్రం, ఏ పక్షం, డేగ మీదికి కాకిని వదలాలా, నెమలి మీదికి పర్లని వదలాలా, ఏ దిక్కు నుంచి దింపాలి, అన్నీ మనవాళ్ళు రాసిపెట్టారు. ఆఫ్రికా వేటకి ఏ రైఫిల్ పట్టుకెళ్ళాలో మాత్రం ఒక్క ముక్కా రాయలేదు. ఈ లోటు తరతరాలుగా ఎవరికీ కనబడలేదు. రొయ్యకి మంచి రేటు పలికిన ఏడాది కనబడింది.

కనిపెట్టినాయన ఒక చెరువుల ఆసామి. పేరు చెప్పను. చెప్పకపోయినా ‘ఇది నన్నే అన్నాడు’ అని కనీసం నలుగురు అలుగుతారు, అది చాలు. ఆయన, టెక్సాస్ అల్లుడు కలిసి దక్షిణాఫ్రికాలో లింపోపో వెళ్ళి ‘ప్లెయిన్స్ గేమ్’ వేట ఆడదామని నిశ్చయించుకున్నారు. సింహం, ఏనుగు, చిరుత, ఖడ్గమృగం, కేప్ దున్న లాంటివి అందులో ఉండవు. కూడూ, ఇంపాలా, జెమ్స్‌బాక్, వైల్డెబీస్ట్, జీబ్రా, వార్తాగ్, ఈలాండ్ ఉంటాయి. కాస్త తేడాలున్నా చాలామటుకు గడ్డీ ఆకులూ తిని బతికే జీవాలు. తిరగబడి మనిషి ప్రాణం తీసే జంతువులన్నిటినీ జాగ్రత్తగా పక్కన పెట్టాక మిగిలిన జాబితా అది. శౌర్యానికి ఇంత శ్రద్ధగా హద్దులు గీసుకున్న వీరుణ్ణి మా జిల్లా ఇంతకుముందు చూడలేదు.

ఇక తుపాకీ ఏదన్నది తేలాలి. చెరువు గట్టు మీది ఏసీ గదిలో సభ తీరారు. బావగార్లు, వియ్యంకులు, మేత కంపెనీ ఏజెంటు, వీడియో కాల్‌లో అల్లుడు.

ఆసామి దగ్గర తాతగారి నాటి త్రీ సెవెంటీ ఫైవ్ హాలండ్ అండ్ హాలండ్ ఉంది. 1912లో ఇంగ్లీషువాడు ఏనుగుకీ జింకకీ ఒకటే తుపాకీ సరిపోవాలని తీసుకొచ్చిన బోరు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ రైఫిల్ చేసిన పనల్లా ఏటా దసరాకి బొట్టు పెట్టించుకోవడం, ఎన్నికల నోటిఫికేషన్ రాగానే పోలీసు స్టేషన్‌కి వెళ్ళి కూర్చోవడం. రెండోది ఇషాపూర్ ఫ్యాక్టరీ త్రీ ఫిఫ్టీన్. అప్పట్లో సైన్యం వాడిన త్రీ నాట్ త్రీ జనం చేతుల్లోకి పోకూడదని మనకి విడిగా మిగిల్చిన బోరు అది. మూడోది పన్నెండు బోరు గన్. లైసెన్సు కాగితంలో కారణం పంట రక్షణ. పంట రొయ్య. రొయ్యకి వచ్చేది వైట్ స్పాట్ వైరస్. దాన్ని కాల్చగల బోరు ఇంకా పుట్టలేదు.

2019లో ఆయుధాల చట్టం సవరించి మనిషికి మూడు తుపాకులు కాదు, రెండే అన్నారు. మొదట బిల్లులో ఒక్కటే అని రాశారు. వారసత్వం, వంశగౌరవం అంటూ గొడవ చేస్తే రెండు దగ్గర ఆగారు. ఆసామికి ఆ ఏడాది కంటి మీద కునుకు లేదు. ఏది స్టేషన్‌లో అప్పగించాలో తేల్చుకోలేక, పొలం పంపకాల్లో కూడా రానంత దుఃఖం వచ్చింది. చివరికి పన్నెండు బోరు వెళ్ళిపోయింది. మా తూము కాపలా ముసలాయనకి వాడడం వచ్చిన తుపాకీ ఆ ఒక్కటే.

అల్లుడిది వేరే దేశం, వేరే ధర్మం. అక్కడ ఆయనకి త్రీ హండ్రెడ్ విన్‌మ్యాగ్ ఉంది, టూ సెవెంటీ ఉంది, థర్టీ ఆట్ సిక్స్ ఉంది. ఒకదాని మీద బిగించిన స్కోపులోంచి చూస్తే చంద్రుడి మీద గుంటలు కనబడతాయట. ‘మావయ్యగారూ, త్రీ సెవెంటీ ఫైవ్ తన్నుడు ఎక్కువండి. భుజం దిగిపోద్ది. ప్లెయిన్స్ గేమ్‌కి త్రీ హండ్రెడ్ చాలండి’ అన్నాడు. మావయ్యగారి మొహం మాడింది. అల్లుడి తుపాకీ తనదానికంటే చిన్నదే అయినా దూరం ఎక్కువ కొడుతుందని ఆయనకి అప్పుడే తెలిసింది.

మూడు వారాలు వాదించారు. 1909లో రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వెళ్ళినప్పుడు పెట్టెల కొద్దీ తుపాకులు పట్టుకెళ్ళాడనీ, తండ్రీ కొడుకులు 512 జంతువుల్ని కొట్టారనీ ఒకరు. హెమింగ్‌వే 1930ల్లో స్ప్రింగ్‌ఫీల్డ్ థర్టీ ఆట్ సిక్స్‌తోనే చాలామటుకు కానిచ్చాడని ఇంకొకరు. బెల్ అనే స్కాట్లాండ్ ఆయన వెయ్యికి పైగా ఏనుగుల్ని కొడితే, అందులో ఎక్కువ భాగం ఏడు మిల్లీమీటర్ల సన్నపాటి రిగ్బీతోనే అని ఎవరో పొరపాటున చదివి వినిపించారు. సభలో నిశ్శబ్దం. ఏనుగుకే అది చాలితే, అరవై కిలోల ఇంపాలా కోసం ఈ రాద్ధాంతం ఏమిటని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. మేత ఏజెంటు చప్పున తేరుకుని ‘ఆరోజుల్లో ఏనుగులు అమాయకమండి’ అన్నాడు. ఆ ఏడాది మేత ఆర్డరంతా ఆయనకే.

తెలిసినవాళ్ళు చెప్పే మాట ఒకటే. చేతికి అలవాటైన రైఫిల్ ఒకటి, మంచి తూటా, దిగగానే శిబిరంలో ఒకసారి గురి సరిచూసుకోవడం. థర్టీ ఆట్ సిక్స్‌తో దాదాపు జాబితా అంతా అయిపోతుంది. అంత దూరం మోయలేనంటే అక్కడే అద్దెకిస్తారు. కానీ అద్దె తుపాకీ పక్కన ఫొటో దిగితే ఊళ్ళో ఏమనుకుంటారు? అందుకని సొంత తుపాకీ పట్టుకెళ్ళడానికి దక్షిణాఫ్రికా పోలీసుల 520 ఫారం తెప్పించారు. నల్ల సిరాతో నింపాలి, సంతకం మాత్రం అక్కడి పోలీసు కళ్ళ ముందే పెట్టాలి. బోరుకి ఒకటి చొప్పునే తుపాకీ. విమానంలో మనిషికి అయిదు కిలోల తూటాలు. కాలవ పూడిక గురించి కలెక్టరుకి అర్జీ రాయమంటే అక్షరం రాని మనిషి, ఈ ఫారం మాత్రం ఎన్నిసార్లైనా తప్పు లేకుండా నింపాడు.

అక్కడ జరిగే వేట ఎట్లా ఉంటుందో కూడా చెప్పుకోవాలి. చాలామటుకు అది కంచె వేసిన ప్రైవేటు భూమి. జంతువుకింత అని ధరల పట్టిక ముందే పంపుతారు. జాడ తీసేది స్థానికుడు. ఏది ముసలిది, దేని కొమ్ము పెద్దదో చెప్పేది పక్కనుండే ప్రొఫెషనల్ హంటర్. మూడు కాళ్ళ కర్ర నిలబెట్టి, దాని మీద రైఫిల్ ఆనించి, ‘ఇప్పుడు’ అనేదీ ఆయనే. గురి తప్పి గాయమైతే, తరుముకుంటూ వెళ్ళేదీ ముందుగా వాళ్ళే. నెత్తురు చుక్క కనబడి జంతువు దొరక్కపోయినా డబ్బు కట్టాల్సిందే. ఇన్ని పనుల్లో వేటగాడి సొంతానికి మిగిలింది వేలు వంచడం, దానికి ముందు బోరు ఎంచుకోవడం. వేలు వంచడానికి ఒక సెకను పడుతుంది. అందుకే బోరుకి మూడు వారాలు.

మా బరిలో పాపం ఏదైనా ఉండనీ, ఒక నీతి ఉంది. డేగ కాలికి కత్తి కడితే ఎదుటి కాకి కాలికీ కడతారు. కూడూ కాలికి ఏం కడతారండీ?

పోనీ వీరులు కాదందామంటే, పులి వీళ్ళ ఇంటికే వచ్చి చూసింది. 2022 వేసవిలో ప్రత్తిపాడు వైపు ఊళ్ళ మధ్య తిరిగి గేదెల్ని చంపింది. అటవీశాఖవాళ్ళు బోన్లు పెట్టారు, కెమెరాలు కట్టారు. అది అన్నీ చూసి, ఒక్కదాంట్లోనూ దూరకుండా అనకాపల్లి దారి పట్టింది. ఆ రోజుల్లో ఆసామి వాట్సాప్‌లో పులికి ఎన్ని గ్రెయిన్ల తూటా వాడాలో లెక్కలు పెట్టి, సాయంత్రం ఆరుకల్లా గేటుకి తాళం వేయించేవాడు. 2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన దివాన్‌చెరువులో చిరుత కనబడి, కడియం నర్సరీల దాకా వణికించినప్పుడూ అంతే. ‘ఏం చేస్తాం, చట్టం మన చేతులు కట్టేసింది’ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో కనిపించినంత ప్రశాంతత నేను తిరుపతి క్యూలో బయటపడ్డవాళ్ళ మొహాల్లో కూడా చూడలేదు.

ఈ గడ్డ మీద తుపాకులు ఏరుకున్నవాడు ఒకాయన ఉన్నాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు. అక్కడ ఉన్నవి తీసుకున్నాడు, ఏం తీసుకున్నాడో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్ళాడు. ఎదురుగా ఉన్నవాళ్ళకీ తుపాకులున్నాయి. 2022 జూలై 4న భీమవరంలో ఆయన ముప్ఫై అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరిస్తే, ఆసామి సభకి పాసు సంపాదించి వెళ్ళొచ్చాడు. వచ్చి, ‘విల్లు ఎందుకు పెట్టారో, రైఫిల్ పెడితే లుక్ వచ్చేది’ అన్నాడు. ఏ బోరు అని నేను అడగలేదు. అడిగితే మూడు వారాలు.

మొత్తానికి తేలింది. మావయ్యగారు త్రీ సెవెంటీ ఫైవ్, తోడుగా త్రీ ఫిఫ్టీన్. అల్లుడు త్రీ హండ్రెడ్, దానికి తోడు థర్టీ ఆట్ సిక్స్. తొమ్మిది వందల కిలోల దాకా తూగే ఈలాండ్ పోతుని తాతగారి తుపాకీతో పడగొట్టి, తల తెచ్చి హాల్లో టీవీ పైన పెట్టించాలని ముహూర్తం కూడా చూశారు. అప్పుడు ధరల పట్టిక పూర్తిగా తెరిచారు. ఈలాండ్ రేటు డాలర్లలో చూసి, రూపాయల్లోకి మార్చి, ఆ నెల రొయ్య రేటుతో భాగించి, ఆసామి మంచినీళ్ళు తాగాడు.

‘అల్లుడుగారూ, రెండు ఇంపాలాలు తీసుకుంటే ఒక జీబ్రా కొసరు వేస్తారేమో కనుక్కోండి’ అన్నాడు. కొసరు లేదట. ‘పోనీ, పిల్ల జీబ్రా?’ అదీ లేదట. పట్టికలో కింది నుంచి పైకి చదువుకుంటూ వస్తే వార్తాగ్ దగ్గర బేరం కుదిరింది. మొహం నిండా కాయలున్న పంది. నాలుగు రైఫిళ్ళూ దానికే వెళ్తున్నాయి.