పావుగంట దయ

సంగారెడ్డిలో 1796 నాటి జైలు ఒకటి ఉంది. ఖైదీల్ని వేరే చోటికి మార్చాక దాన్ని మ్యూజియం చేశారు. 2016లో అక్కడ ఒక వేడుక మొదలుపెట్టారు. 500 రూపాయలు కడితే 24 గంటలు లోపల ఉండొచ్చన్నారు. ఖద్దరు బట్టలు, పళ్లెం, మగ్గు ఇచ్చేవారు, జైలు కూడే పెట్టేవారు. పేరు 'ఫీల్ ద జైల్'. ఆ వార్త చదివినప్పుడు డబ్బు కట్టినవాళ్ల అమాయకత్వానికి జాలేసింది. ఊరికే వచ్చేదానికి టికెట్టేమిటి? జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 చివర్లో తీసిన లెక్కలో, దేశం మొత్తం మీద 5,73,220 మంది ఆ భాగ్యాన్ని పైసా కట్టకుండా అనుభవిస్తున్నారు. అందులో 4,34,302 మందికి శిక్షే పడలేదు. విచారణ ఖైదీలు. నేరం చేశారో లేదో తేలకముందే నూటికి 76 మంది సర్కారు వారి అతిథులయ్యారన్నమాట.

ఉచితాలు జనాన్ని సోమరిపోతుల్ని చేస్తున్నాయని టీవీల్లో రోజూ గుండెలు బాదుకునే పెద్దమనుషులు ఈ ఉచితం జోలికి ఎందుకు రారో నాకు అంతుబట్టదు. 2022 జులైలో ప్రధాని 'రేవడీ సంస్కృతి' అన్నారు. రేవడీ అంటే నువ్వుల మిఠాయి, మన లెక్కలో పప్పుబెల్లాలు. అప్పట్నుంచి ముసలమ్మ పింఛను పప్పుబెల్లం, బడిపిల్లాడి గుడ్డు పప్పుబెల్లం, ఆడవాళ్ల బస్సు ప్రయాణం పప్పుబెల్లం. మనిషిని ఏళ్ల తరబడి నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి తిండి పెట్టడం మాత్రం పప్పుబెల్లం కాదు. అది శాంతిభద్రతలు.

నన్నడిగితే ఈ దేశంలో చక్కగా నడిచే సంక్షేమ పథకం అదొక్కటే. రేషన్ కార్డు అడగరు. ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఆదాయ సర్టిఫికెట్ తెమ్మనరు. వేలిముద్ర పడలేదని వెనక్కి పంపరు, పడేదాకా దగ్గరుండి వేయిస్తారు. లబ్ధిదారుణ్ని ఇంటికొచ్చి జీపులో ఎక్కించుకుంటారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, ఇక్కడ అడక్కుండానే పెడతారు. కోటా నిండిందని ఎవర్నీ తిప్పి పంపరు. నూరుమందికి కట్టిన చోట 131 మందిని సర్దారు. విచారణ ఖైదీల్లో మూడింట రెండొంతులు ఎస్సీ, ఎస్టీ, బీసీలే. రిజర్వేషన్లను ఇంత నిష్ఠగా, అదీ కోర్టు సాక్షిగా, అమలు చేసిన శాఖ మరొకటి ఉంటే చూపించండి.

కాగితాల బెడదంతా బయటికొచ్చేటప్పుడే. జడ్జిగారు బెయిలిస్తారు. దేవుడు వరమిచ్చాడు, ఇక పూజారి ఇవ్వాలి. జామీనుదారులు కావాలి, వాళ్లకు ఆస్తి ఉండాలి, ఆస్తికి కాగితం ఉండాలి. ఆస్తి ఉన్న చుట్టాలుంటే వీడు జైలుకెందుకు వస్తాడు? 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మేజిస్ట్రేటు పదివేలకు జామీను తెమ్మన్నాడు. సోదరుడు ముందుకొస్తే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది, చెల్లదు పొమ్మన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మేజిస్ట్రేటుకు నాలుగు చీవాట్లు పెట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద మేస్త్రీని వదిలేయమన్నారు.

ఆ తీర్పు వచ్చిన 44 ఏళ్లకు, 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవ సభలో, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రాసుకొచ్చిన ప్రసంగం పక్కనపెట్టి ఇదే సంగతి ఎత్తారు. జైళ్లు నిండిపోయాయి కనుక ఇంకా కట్టాలంటున్నారు, అభివృద్ధి అంటే ఇదేనా అని అడిగారు. ఎదురుగా న్యాయమూర్తులు, మంత్రులు. తర్వాతి బడ్జెట్‌లోనే ఆర్థిక మంత్రి స్పందించారు. ఆ తర్వాత వచ్చిన నిబంధనల్లో, జామీను కట్టలేని పేద ఖైదీకి 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేక మగ్గేవాడికి 25,000 దాకా కేంద్రమే ఇస్తుందన్నారు. అందుకు ఏడాదికి 20 కోట్లు కేటాయించారు. దేశం మొత్తానికీ.

ఆ 20 కోట్లు ఎంతో తెలియాలంటే పక్కన ఇంకో అంకె పెట్టాలి. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. రోజుకు సుమారు 1,866 కోట్లు, గంటకు 78 కోట్లు. పేద ఖైదీల మీద భారత ప్రభుత్వం ఏడాది పొడవునా కురిపించే దయ, రక్షణ శాఖకు పావుగంట ఖర్చు. ఆ పావుగంట దయకైనా జిల్లాలో కలెక్టరు, ఎస్పీ, జైలు అధికారి, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, ఒక జడ్జి, ఈ ఐదుగురూ కమిటీగా కూర్చుని ఊ అనాలి. వాళ్లకు తీరిక దొరకలేదేమో, రాష్ట్రాలు ఆ డబ్బు వాడుకోవడం లేదంటూ హోం శాఖే లేఖలు రాసింది.

ఇక బడిపిల్లాడి పప్పుబెల్లం సంగతి. మా ఇంటికి దగ్గర్లో ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. మధ్యాహ్న భోజనం వండే అక్క దగ్గర ఓ పాత నోటుపుస్తకం ఉంటుంది, ఒక పక్క పిల్లల హాజరు, ఇంకో పక్క కిరాణా కొట్టు బాకీ. 2025 మే నుంచి కేంద్రం ఖరారు చేసిన వంట ఖర్చు ఒక్కో చిన్నపిల్లకు పూటకు 6 రూపాయల 78 పైసలు. బియ్యం వేరే ఇస్తారు, గుడ్డు రాష్ట్రం లెక్క. మిగతావన్నీ ఇందులోనే. నేను వెళ్లిన రోజు 62 మంది పిల్లలు. ఫోన్లో లెక్క కట్టి చూపించాను: 420 రూపాయల 36 పైసలు. అంకె చూసి నవ్వాపుకోలేకపోయాను. (చట్టం మారి 420 ఇప్పుడు 318 అయిందనుకోండి, అయినా పాత పేరే అతికినట్టుంది.) అక్క నవ్వలేదు. "పప్పు, నూనె, కూరగాయలు, గ్యాసు, అన్నీ గిండ్లనే రావాలె సారూ. బిల్లు ఎప్పుడస్తదో దేవునికెరుక" అంది. వండేవాళ్లకు జాతీయ స్థాయిలో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. 2009లో పెట్టిన అంకె అది. మన రెండు రాష్ట్రాలూ పైన కలిపి 3,000 చేశాయి. చెంచాడు నూనె ఎక్కువైతే కోడిగుడ్డుకు ఈకలు పీకే తనిఖీలకు మాత్రం లోటు లేదు. దేశమంతటా ఈ భోజనానికి 2025-26 బడ్జెట్‌లో కేంద్రం కేటాయించింది 12,500 కోట్లు. పైన చెప్పిన రక్షణ ఖర్చు గడియారం ప్రకారం వారం తిరక్కుండానే అయిపోయే డబ్బు.

ఇక్కడికి వచ్చేసరికి ఒకాయన లేస్తాడు. సియాచిన్‌లో సైనికుడు మంచులో నిలబడుంటే నువ్వు పప్పు, ఉప్పు లెక్కలు తీస్తావా అంటాడు. ఆయన వెళ్లింది లేదు, వాళ్లబ్బాయిని పంపింది లేదు. సరే, సైనికుడి సంగతే చూద్దాం. పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటింటా జవానున్న ఊరు. ఆ ఊళ్లో పిల్లాడు ఇప్పుడు చేరితే అగ్నివీరుడు. నాలుగేళ్లు. ఆ తర్వాత నూటికి 25 మందినే ఉంచుకుంటారు. మిగతా 75 మందికి పింఛను లేదు. పదకొండు లక్షల చిల్లర సేవానిధి చేతిలో పెడతారు, అందులో సగం వాడి జీతంలో కోసుకున్నదే. పాత జవాన్లు సహా రక్షణ శాఖ పింఛన్లకు 2025-26లో 1.60 లక్షల కోట్లు కేటాయించారు మరి. ముసలమ్మ పింఛను దగ్గర మొదలైన పప్పుబెల్లాల సిద్ధాంతం చివరికి తుపాకీ పట్టినవాడి దాకా పాకింది. మంచులో నిలబడ్డవాణ్ని అడ్డం పెట్టుకుని డబ్బు అడుగుతారు, వాడు దిగొచ్చి తన వాటా అడిగితే బరువంటారు.

2022 జూన్ 17న, ఈ నాలుగేళ్ల కొలువు వద్దంటూ సికింద్రాబాద్ స్టేషన్‌కి వచ్చిన కుర్రాళ్లు అదే అడిగారు. చాలామంది పరుగు, కొలతలు, వైద్య పరీక్షలు దాటి, రాత పరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. సైన్యంలోకి వెళ్లాల్సిన పిల్లలు చంచల్‌గూడ జైలుకి వెళ్లారు. అక్కడ మాత్రం నాలుగేళ్ల ఒప్పందం, వయసు పరిమితి ఏవీ అడ్డం రాలేదు.

2025 ఏప్రిల్‌లో నౌకాదళానికి 26 రఫేల్ విమానాలు కొనడానికి ఒప్పందం కుదిరింది. ఆయుధాలు, శిక్షణ అన్నీ కలిపి సుమారు 63,000 కోట్లు. సగటున ఒక్కోటి 2,400 కోట్ల పైమాటే. ఎక్కడి నుంచి తెస్తారని ఏ టీవీ పెద్దమనిషీ అడగలేదు. దేశంలోని పేద వృద్ధులు, వితంతువులు, దివ్యాంగులందరికీ కలిపి 2025-26లో కేంద్రం కేటాయించిన సామాజిక పింఛను 9,652 కోట్లు. నాలుగు విమానాలు.

ఆంధ్రలో ఒకటో తేదీన ఇంటికొచ్చి 4,000 ఇస్తారు, తెలంగాణలో 2,016 ఇస్తారు. అరవై దాటి ఎనభై నిండని ముసలివాళ్లకు ఇచ్చే ఆ డబ్బులో ఢిల్లీ నుంచి వచ్చే వాటా ఎంతో మీ ఇంటి పెద్దవాళ్లకి చెప్పండి. నెలకు 200 రూపాయలు. 2007లోనూ అంతే.