మారుతాళం సిండికేటు

వ్యాపారులు నలుగురు ఒకచోట చేరి టీ తాగితే అమెరికా న్యాయశాఖకు నిద్ర పట్టదు. ధరలు పెంచడానికే కూర్చున్నారని దాని అనుమానం. మద్యం సిండికేట్లను చూసినవాళ్లం, తప్పుపట్టలేం. 1890 నాటి షెర్మన్ చట్టం పుట్టిందే అలాంటి కుమ్మక్కుల కోసం. కానీ జనం జేబుకు చిల్లు పెట్టడానికి కూర్చుంటే కుట్ర, జనం పెట్టెకు మారుతాళం చేయించడానికి కూర్చుంటే దేశసేవ అని 1990ల్లో తెలిసొచ్చింది.

కథ 1993లో క్లిప్పర్ చిప్‌తో మొదలు. అది ఫోన్లో ఉంటే మీ మాటలు ఎవరికీ వినపడవు, సర్కారుకు తప్ప. తాళంచెవిని రెండు ముక్కలు చేసి రెండు చోట్ల దాస్తాం, దిగులు పడకండి అన్నారు. ఒకటి ప్రమాణాల సంస్థ దగ్గర, రెండోది ఖజానా శాఖ దగ్గర. ఎడమ జేబులో సగం, కుడి జేబులో సగం, చొక్కా మాత్రం ఒకటే. 1994లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే మ్యాట్ బ్లేజ్ లోపల ఏముందో చూశాడు. పోలీసులు తాళంచెవిని ఆనవాలు పట్టేందుకు ప్రతి కాల్‌తో పాటు వెళ్లే చీటీ ఒకటుంది. అది అసలుదో నకిలీదో తేల్చే కాపలా 16 బిట్లు, అంటే 65,536 అవకాశాలే. ఓపికగా నకిలీ చీటీలు తిప్పుతూ పోతే ఏదో ఒకటి చెల్లిపోతుంది. దొంగ మాటలు భద్రం, పోలీసు చేతికి చిత్తుకాగితం. దొరికేదల్లా చీటీ మార్చడం చేతకాని అమాయకుడే.

దాంతో పేరు మార్చారు. ఇక దాన్ని 'కీ రికవరీ' అనాలి. పోగొట్టుకున్నదెవరు, వెతుక్కుంటున్నదెవరు? అప్పట్లో 40 బిట్లకు మించిన గుప్తలిపిని విదేశాలకు అమ్మనిచ్చేవారు కాదు. రెండేళ్లలో మారుతాళం తయారు చేస్తామని మాటిస్తే 56 బిట్లు అమ్ముకోండి అని 1996లో బేరం పెట్టారు. ఆ అక్టోబరులోనే ఐబీఎం ముందు నిలబడి, పోటీ కంపెనీలను కూడగట్టి ఒక కూటమి కట్టింది. గుత్తాధిపత్యం కేసులో 1969 నుంచి 1982 దాకా న్యాయశాఖ కోర్టు మెట్లెక్కించిన ఐబీఎమ్మే! ఈసారి ప్రభుత్వమే పీట వేసి కూర్చోమంది.

ఇలాంటి కలయికలకు పోటీ చట్టం అడ్డు రాకుండా చూడాలన్న వాదన ఇక్కడే నవ్వు తెప్పిస్తుంది. పోటీదారులంతా కలిసి 'మారుతాళం లేని తాళం ఎవరూ అమ్మొద్దు' అని ఒప్పుకున్నారనుకోండి. మంచి తాళం అమ్మే కొట్టు ఊళ్లో ఉండదు. చట్టం వద్దన్నది సరిగ్గా ఆ పనినే. వాషింగ్టన్‌లో అప్పట్లో పెన్సిల్వేనియా అవెన్యూకి ఇటుపక్క న్యాయశాఖ, అటుపక్క దాని కిందే పనిచేసే ఎఫ్‌బీఐ. ఎఫ్‌బీఐ అప్పటి అధినేత లూయీ ఫ్రీ మారుతాళాల కోసం కాంగ్రెసు ముందు మొరపెట్టుకుంటూనే ఉన్నాడు. 1998 మే 18న న్యాయశాఖేమో మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది. ఆ కంపెనీ మీద మోపిన ఆరోపణల్లో ముఖ్యమైనది, విండోస్‌కి బ్రౌజర్‌ని అంటగట్టడం. సరుకుకి బ్రౌజర్ అంటగడితే నేరం, పోలీసు తాళంచెవి అంటగడితే సహకారం! రోడ్డు దాటేలోపు చట్టం అర్థం మారిపోతుంటే వకీలైనా ఏం చెప్పగలడు?

మారుతాళాలన్నీ ఒకచోట పోగేస్తే దొంగలకు పని తేలికవుతుందని 1997లోనే 11 మంది గుప్తలిపి నిపుణులు నివేదిక రాశారు. చెవినబెట్టే తీరిక ఎవరికుంది?

1998 జులైలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లు రెండున్నర లక్షల డాలర్ల లోపు ఖర్చుతో ఒక యంత్రం కట్టి, ఆ 56 బిట్ల తాళాన్ని 56 గంటల్లో పగలగొట్టారు. సెప్టెంబరులో ప్రభుత్వం దయ తలచి, 56 బిట్ల సరుకుకి ఇకమీదట మారుతాళం అక్కర్లేదని ప్రకటించింది.