సవాలా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేప కొనడమంటే నాకు పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టే. ఏం చూడాలో తెలీదు, చూడకపోతే బాగోదు. మొన్న ఆదివారం ఓ గంపలో వెండి వడ్డాణాలు చుట్టలు చుట్టి పెట్టినట్టు ఏవో తళతళలాడుతున్నాయి.

"ఇవేంటమ్మా?"

"సావళ్లు బాబూ. తెల్లారగట్ట దిగినాయి."

"సరే, తోక తీసేసి ఇయ్యి" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

"ఏటి బాబూ, తోకుంటే కదా నాను తియ్యడానికి!"

గంపల వరస మొత్తం నవ్వింది. నిజమే, తోక రెక్కే లేదు. ఒళ్లు సన్నబడుతూ పోయి చివరికి దారమైపోయింది. శాస్త్రజ్ఞులు దీన్ని 'ట్రైకియూరస్' అన్నది అందుకే. అంటే వెంట్రుకతోక. ఇలాంటి చేపని తూకానికి కాదు, మల్లెపూలలా మూరల లెక్కన అమ్మాలి.

ఇంట్లో మా ఆవిడ సంచి విప్పి అటూ ఇటూ తిప్పింది. "పొలుసు లేదు, తోక లేదు, పొట్టకింద రెక్కలూ లేవు. మరి డబ్బులు దేనికిచ్చారండీ?"

"పళ్లకి" అని నోరు తెరిచి చూపించాను. కత్తుల్లాంటి కోరలు! వాటితో నెత్తళ్లని, రొయ్యల్ని పట్టుకుంటుంది. ఒక్కోసారి సొంత చుట్టాల్నీ వదలదు. ఆవిడ మా అన్నదమ్ముల ఆస్తి గొడవ గుర్తొచ్చినట్టు నావైపు చూసింది.

వెచ్చటి సముద్రాల్లో, తీరం వెంబడి బురద నేలల మీద, 350 మీటర్ల లోతు దాకా దీని కాపురం. పెద్దవి పగలు పైకొచ్చి తిని, రాత్రికి అడుక్కి దిగుతాయి. పిల్లలది తలకిందుల లెక్క: పగలు కిందే ఉండి, రాత్రి పైకొచ్చి మేస్తాయి. మావాడు ఇంజినీరింగులో చేరినప్పట్నుంచీ మా ఇంట్లోనూ అదే టైంటేబులు. ఇక వేట కోసం ఈ చేప నీళ్లలో తల పైకెత్తి నిలువునా నిలబడుతుంది, వీపుమీది పొడవాటి రెక్కని మాత్రం అలలా ఆడిస్తూ. ఆర్టీసీ కాంప్లెక్సులో ఆఖరి బస్సు కోసం చూసే మనిషిలా అన్నమాట.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు మన విశాఖలో 200 రకాల చేపల బొమ్మలు గీయించి, ఇక్కడివాళ్లు పిలిచే పేర్లతోనే 1803లో పుస్తకం వేశాడు. అందులోని మాటనే 1829లో ఫ్రెంచి పండితుడు క్యూవియే ఈ కుటుంబంలోని ఓ చిన్న జాతికి ఖాయం చేశాడు. నేడు ప్రపంచమంతా దాన్ని 'లెప్టురకాంథస్ సవాలా' అంటోంది. వాళ్లెవరో మన గంపలోంచి పేరు పట్టుకుపోతే, నేను అదే గంప ముందు నిలబడి "ఇవేంటమ్మా?" అన్నాను. సవాలా అని అది నన్నే అడిగినట్టుంది.

మరుసటి ఆదివారం పరువు నిలబెట్టుకుందామని ఆ చేపలమ్మే ఆవిడకి ఈ చరిత్రంతా ఒక్క గుక్కలో చెప్పాను. శ్రద్ధగా విని, చెయ్యి కడుక్కుని, అడిగింది:

"పేరు రాసుకెల్లాడు సరే బాబూ, చేపకి డబ్బులిచ్చాడా?"