గోల్డ్ దగ్గర ఎవరున్నారు?

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే కంప్యూటర్ గేమ్ వచ్చింది 1999లో. నాటి నుంచి నేటిదాకా అందులో అందరికన్నా కష్టజీవి స్కౌట్ గుర్రం. ఆట మొదలయ్యేసరికి మ్యాపంతా కటిక నలుపు. చేతిలో ముగ్గురు విలేజర్లు, ఆ ఒక్క గుర్రం. గొర్రెల్ని వెతుక్కుంటూ పోయి పోయి, ఎదుటివాడి ఊళ్లో తొంగిచూసి, వాడి బుర్రలో ఏముందో అదే తేల్చాలి.

చూడాల్సింది సైన్యాన్ని కాదు. సైన్యం కనబడిందంటే అప్పటికే పుణ్యకాలం కాస్తా అయిపోయినట్టు. సరుకులు పోగేసే వాడి విలేజర్లు ఎక్కడున్నారో చూడాలి. ఆర్చర్‌కి 25 వుడ్, 45 గోల్డ్ కావాలి. ఆటలో రెండో దశ, ఫ్యూడల్ ఏజ్ రాకముందే గోల్డ్ దగ్గర నలుగురు మూగారంటే బాణాలు బయల్దేరబోతున్నట్టే. అక్కడ ఈగ కూడా లేదు, అందరూ ఫుడ్ మీదే పడ్డారంటే తలకి 80 ఫుడ్ మింగే గుర్రాలొస్తాయి. గుర్రాలకి స్పియర్‌మెన్ విరుగుడు, ఆర్చర్లకి స్కిర్మిషర్లు. లెక్క తప్పితే ఈటెలు పట్టుకుని బాణాల వానలో నిలబడాలి.

స్కౌట్ అలా తిరిగొచ్చిందో లేదో, చూసిన చోటు బూడిదరంగైపోతుంది. ఆ తర్వాత వాడక్కడ ఎన్ని కట్టినా మనకి మాత్రం పాత ఊరే కనిపిస్తుంది. పెళ్లిళ్లలో మాత్రమే కలిసే దూరపు పిన్ని లాంటిది ఆ మ్యాప్. ఇద్దరు పిల్లల తండ్రిని పట్టుకుని, "ఇంటర్లో ఏ గ్రూపు తీసుకున్నావు నాన్నా?" అంటుంది.

ఈ అరకొర సమాచారాన్ని కూడా దక్కనివ్వని శక్తి ఒకటుంది: నా జట్టులోని మా బావ. డల్లాస్ నుంచి హెడ్‌సెట్‌లో జోస్యం చెబుతుంటాడు.

"గుర్రాలేరా, రాసిపెట్టుకో."

"గోల్డ్ దగ్గర నలుగురున్నారు బావా."

"అది నీ స్కౌట్‌కి చూపించడానికిరా, పిచ్చోడా! నువ్వు స్పియర్‌మెన్ దించు."

దించుతాను. బాణాలు కురుస్తాయి. ఊరు తగలబడుతుంటే బావ తాపీగా, "ఆర్చర్లని నాకు మొదట్నుంచీ అనుమానమే" అంటాడు.

2019లో డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాస్టార్ అనే ఏఐ ప్రోగ్రామ్ ఇలాంటిదే మరో ఆట స్టార్‌క్రాఫ్ట్ 2లో ర్యాంకున్న ఆటగాళ్లలో 99.8 శాతం మందిని దాటేసింది. మనలాగే దానికీ చీకటే, మనలాగే అదీ ఊహించుకోవాల్సిందే. కాకపోతే ఒంటరిగా ఆడింది. మా బావని జతచేసి ఆడించమనండి, అప్పుడు చూద్దాం.