మిగుళ్ల మావయ్య

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు మావయ్యగారికి ఊరికే ఆకలి వేయదు. ఏదైనా మిగిలితేనే వేస్తుంది.

వేడన్నం, అప్పుడే దించిన ముద్దపప్పు, కమ్మటి నెయ్యి ముందు పెట్టండి, మర్యాదకి నాలుగు ముద్దలు తిని లేస్తారు. అదే రాత్రి సొరకాయ కూర గిన్నె అడుగున రెండు గరిటెలు కనిపించాయా, కళ్లజోడు తుడుచుకుని చొక్కా చేతులు పైకి మడుస్తారు. ఇలాంటాయన మీ వీధిలోనూ ఒకరుంటారు, చూసుకోండి. రిటైరయ్యాకే వంటింటి గడప తొక్కి ఉంటారు. అందుకే ఆ గదిని తామే కనిపెట్టినంత సంబరం.

మావయ్యగారు ఉద్యోగమంతా ఆడిట్‌లో చేశారు. ఇప్పుడు ఫ్రిజ్‌ని ఆడిట్ చేస్తున్నారు. పొద్దున్నే తలుపు తీసి ఓపెనింగ్ బ్యాలెన్స్ చూస్తారు. ప్రతి స్టీలు డబ్బా మీదా ప్లాస్టర్ ముక్క, దాని మీద తేదీ, పక్కన పొట్టి సంతకం. నిన్నటి సాంబారు ఇవాళ్టికి క్యారీ ఫార్వర్డ్. లోపల ఏముందో, ఎప్పటిదో ఎవరికీ గుర్తులేని డబ్బా ఒకటి వెనక మూల ఎప్పుడూ ఉంటుంది. దాని పేరు సస్పెన్స్ అకౌంట్. దాన్ని తెరిచే గుండె అత్తయ్యగారికి తప్ప ఇంకెవరికీ లేదు.

ఆ ఇంట్లో వండిన పదార్థానికి చావు లేదు, జన్మలే. ఆదివారం ఇడ్లీగా పుట్టినది సోమవారం పొడిపొడిగా చిదపబడి, ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు పోపులో పడి ఇడ్లీ ఉప్మా అవుతుంది. ఇంతవరకూ ధర్మమే, అందరిళ్లలోనూ జరిగేదే. ఆ ఉప్మాలో మిగిలింది మంగళవారం ఉడికిన బంగాళాదుంపతో కలిసి కట్‌లెట్ అవుతుంది. ఆ కట్‌లెట్ కూడా మిగిలితే బుధవారం టమాటా గ్రేవీలో మునిగి కోఫ్తా పేరుతో తేలుతుంది. ఓసారి మావాడు అది తింటూ, "తాతగారూ, ఇందులో ఇడ్లీ వాసన వస్తోంది" అన్నాడు. తిట్టలేదు సరికదా, వంశం నిలబడిందని మురిసిపోయారు.

దోసెల పిండి పులిస్తే ఊతప్పం, మరీ పులిస్తే గుంత పొంగనాలు. గుంటకో నూనె బొట్టు, అంతే. అదే పిండితో పునుగులు వేయమని అడిగి చూడండి, ఫైలు తిరగ్గొడతారు. ఆరోగ్యం శాఖ కూడా ఆయనదే మరి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ప్రపంచానికి ఆ సంవత్సరం అయిపోయింది, మూడో అంతస్తులో ఇంకా నడుస్తోంది. కొర్రల ఉప్మా, సజ్జ రొట్టెలు, రాగి లడ్డూలు. ఆ లడ్డూల గట్టితనం గురించి మాట్లాడకపోవడమే మంచిది. కానీ సాయంత్రం ఆయన పెట్టే అలసంద గుగ్గిళ్లు మాత్రం, పైన కాస్త కొబ్బరి కోరు చల్లి, నిమ్మరసం పిండి ఇస్తే, చిప్స్ పొట్లాం చేతిలో ఉన్న పిల్లలు కూడా పొట్లాం పక్కన పెట్టేస్తారు. ఉన్నమాట చెప్పుకోవాలి.

ఆయనింట్లో భోజనానికి కూర్చోవడం వేరే అనుభవం. నేను ఓసారి విస్తట్లో వంకాయ తొడిమ వదిలేశాను. "2022లో ప్రపంచం పారేసిన తిండి నూట అయిదు కోట్ల టన్నులమ్మా! అందులో సగానికి పైగా ఇళ్లలోనే!" అన్నారు, చూపు నా తొడిమ మీదే నిలిపి. నమిలాను.

అన్నం విషయంలో మాత్రం ఆయనతో వాదించకండి, గెలవలేరు, ఎందుకంటే చెప్పేది నిజం. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదలకూడదు, రెండు గంటల్లోపే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. బ్యాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా బతికే ఉంటాయి, తీరిక దొరికితే విషం తయారుచేస్తాయి, తర్వాత ఎంత వేడిచేసినా ఆ విషం పోదు. ఇదంతా ఆయన వేలెత్తి చెబుతుంటే అత్తయ్యగారు, "మిమ్మల్ని మీ అమ్మగారు చద్దన్నం పెట్టేగా పెంచింది?" అంటారు. "అది నీళ్లు పోసి పులియబెట్టిందే, అది వేరు!" అని ఈయన ఓ గంట ఉపన్యాసం మొదలుపెడతారు. ఈలోగా అన్నం బయటే ఉంటుంది.

అసలు చిక్కు లెక్కలోనే ఉంది. రెండు గరిటెల అన్నం కాపాడటానికి గుప్పెడు పల్లీలు, పది జీడిపప్పులు, మూడు నిమ్మకాయలు, చాలకపోతే ఇంకో గ్లాసు బియ్యం కొత్తగా వండి కలపడం. పులిహోర గిన్నె నిండుతుంది. ఇద్దరు తినేదెంత? అది మిగులుతుంది. రేపటికి పని దొరికింది.

అత్తయ్యగారు నలభై ఏళ్లుగా ఏ డబ్బా మీదా తేదీ రాయలేదు. బీరకాయ చెక్కు తీస్తే ఆ చెక్కు పక్క మూకుట్లో పచ్చిమిర్చి, నువ్వులతో వేగి, చింతపండుతో నలిగి పచ్చడవుతుంది. రాత్రి పప్పు పొద్దున చపాతీ పిండిలోకి మాయమవుతుంది. ఆవకాయ జాడీ ఖాళీ అయిన రోజు అందులోకే వేడన్నం వేసి, గోడలకంటిన పిండీ నూనే ఒక్క మెతుకుకీ అన్యాయం జరగకుండా కలిపి, ముద్దలు చేసి పెడతారు. వాటికి ఆవిడ పేర్లు పెట్టరు, చాటరు. అందుకని మావయ్యగారి లెక్కలో అవేవీ మిగుళ్లు కావు. ఓ రోజు ఆ బీరచెక్కు పచ్చడి మూడోసారి వేసుకుంటూ, "ఇది బాగుందే, ఎక్కడ కొన్నావు?" అన్నారట.

ఆ మాటకో ఏమో, అత్తయ్యగారు బియ్యం కొలత మార్చేశారు. ఇద్దరికి సరిగ్గా ఎంతో అంతే, మెతుకు మిగలదు. కూర కూడా అంతే. రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో నిల్ బ్యాలెన్స్. మావయ్యగారు తలుపు తీయడం, చూడటం, వేయడం. వాకింగ్‌లో ఎవరినీ పలకరించలేదు.

తర్వాత పొద్దున్నే మా కాలింగ్ బెల్ మోగింది. చేతిలో ఖాళీ స్టీలు డబ్బా. "ఏవమ్మా, నిన్న మీ ఇంటికి చుట్టాలొచ్చినట్టున్నారు... ఏమైనా మిగిలిందా?" గొంతు తగ్గించి అడిగారు. మిగిలింది నిజమే, గిన్నెడు అన్నం ఫ్రిజ్‌లో ఉంది. ఆ డబ్బా అందుకున్నప్పుడు ఆయన మొహం చూడాలి.

సాయంత్రానికి ఆ గిన్నెడన్నం మూడు డబ్బాల పులిహోరై మా గుమ్మంలోకి తిరిగొచ్చింది, ప్లాస్టర్, తేదీ, పొట్టి సంతకంతో సహా. వెనకే అత్తయ్యగారి ఫోను: "అమ్మాయ్, తినండి, లేదా ఎవరికైనా పంచెయ్. వెనక్కి మాత్రం పంపకు తల్లీ."