అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా తెలుపగలరు

మన దేశ ఆహార విధానంలో పారదర్శకత లేదనడం శుద్ధ అన్యాయం. కావలసినంత ఉంది. కాకపోతే అదంతా తినేవాడి వైపే పోగుపడింది. రేషన్ షాపులో బియ్యం పొయ్యించుకోవాలంటే కార్డుకు ఆధార్ అతకాలి, ఈ-పాస్ మిషన్ మీద వేలు పెట్టాలి, కూలిపనికి అరిగిన వేలిని మిషన్ గుర్తుపట్టకపోతే కన్ను చూపించాలి, ఇంట్లోవాళ్లంతా తాము తామేనని ఈకేవైసీ చేయించుకోవాలి. ఏ ఊళ్లో ఏ ఇంటివాళ్లు ఏ తేదీన ఎన్ని కిలోలు తీసుకెళ్లారో సర్కారుకు ఎప్పటికప్పుడు తెలుస్తుంది. డీలరుకూ మినహాయింపు లేదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం పారదర్శకతకు ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించింది: పంపిణీ రికార్డులు అందరికీ అందుబాటులో ఉంచాలి, సామాజిక తనిఖీ జరపాలి, నిఘా కమిటీలు వేయాలి. షాపు ముందు స్టాకు వివరాలు రాయని డీలరు సంజాయిషీ చెప్పుకోవాలి. మరి బస్తాలోకి ఏం పోయాలో తేల్చిన ఫైలు సంగతి? చట్టంలోని ఆ అధ్యాయం అంత పైకి ఎక్కలేదు. ఇంతా చేస్తే ఆ చట్టం కూడా మొదట 2013 జులైలో ఆర్డినెన్సుగానే వచ్చింది. పార్లమెంటులో చర్చ తర్వాతి ముచ్చట.

ఫోర్టిఫైడ్ రైస్ కథ చూడండి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, మిషన్‌లో మళ్లీ గింజలుగా చేసి, వాటిని మామూలు బియ్యంలో నూటికొక పాలు కలుపుతారు. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఏదో ఒకటి చేయాల్సిందే. చేసేముందు పరీక్షించి చూద్దామని 2019లో 174.64 కోట్లతో పైలట్ పథకం పెట్టారు. పదిహేను రాష్ట్రాలు, రాష్ట్రానికొక జిల్లా, మూడేళ్ల గడువు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. ఆ గడువింకా తీరలేదు, 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీది నుంచి ప్రకటన వచ్చేసింది: 2024 నాటికి ప్రభుత్వ పథకాల్లో ఇచ్చే బియ్యమంతా ఇదే. మూడుముళ్లూ వేయించేసి జాతకాలు పంతులుగారి దగ్గరే ఉన్నాయి, తీరిగ్గా చూస్తార్లెమ్మన్నట్టుంది వ్యవహారం. 2022 ఏప్రిల్‌లో కేబినెట్ ఏడాదికి సుమారు 2,700 కోట్ల ఖర్చుకు ఆమోదముద్ర వేసింది. 2024 అక్టోబరులో 17,082 కోట్లతో 2028 డిసెంబరు దాకా పొడిగించింది. ఈ తేదీల వరుసలో, రేషన్ తీసుకునే 80 కోట్ల మందిలో ఎవరినైనా కూర్చోబెట్టి మీరేమంటారని అడిగిన తేదీ మాత్రం కనిపించదు.

అడక్కపోయినా జనం చెప్పారు. బియ్యం కడిగేటప్పుడు పైకి తేలిన గింజల్ని చూసి ప్లాస్టిక్ బియ్యమన్నారు, ఏరి పారబోశారు, కొన్నిచోట్ల డీలర్లను నిలదీశారు. అంటే కోట్లు పోసి చేసిన పోషకమంతా చేటలోంచి నేరుగా పెంటకుప్పకు చేరింది. అప్పుడు అధికారులు కదిలారు. అవి ప్లాస్టిక్ కావు, బలవర్ధకమైన గింజలని ఊరూరా చెప్పారు, వండి చూపించారు, తిని చూపించారు. అవగాహన సదస్సు అనేది మనవాళ్లు కనిపెట్టిన విచిత్రమైన సభ. అందులో మాట్లాడేవాడికి లోపమెప్పుడూ ఉండదు, వినేవాడికి అవగాహనెప్పుడూ ఉండదు. మొదటి బస్తా దిగకముందే ఈ సభ పెట్టి ఉంటే దాన్ని సంప్రదింపు అనేవాళ్లు. తర్వాత పెట్టారు గనక అది ప్రచారమైంది, దాని ఖర్చు వేరే పద్దులోకి పోయింది.

తమాషా ఏమిటంటే, జనం అడగాల్సిన అసలు ప్రశ్న ప్లాస్టిక్ గురించి కాదు. అది ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. ఇనుము కలిపిన ఆహారాన్ని తలసేమియా ఉన్నవాళ్లు వైద్యుల పర్యవేక్షణలోనే తీసుకోవాలని, సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవాళ్లు తీసుకోకపోవడం మంచిదని ప్యాకెట్ మీద రాయాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో నియమం పెట్టింది. చక్కని నియమం. రేషన్ బియ్యాన్ని కాటా మీంచి సంచిలోకి పోస్తారు. ప్యాకెట్ ఏది, దాని మీద రాత ఏది? సికిల్ సెల్ ఎక్కువగా కనిపించేది గిరిజన ప్రాంతాల్లో. రోగుల్ని వెతికి పట్టుకోవడానికి 2023 జులైలో కేంద్రమే ఒక జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఒక శాఖ ఆ గూడేలకు వెళ్లి రక్తం తీసి రోగుల్ని గుర్తిస్తుంటే, ఇంకో శాఖ అదే గూడేలకు, తీసుకోవద్దని రాయాల్సిన బియ్యం ఏ రాతా లేకుండా పంపింది. దీని మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి 2024లో సమస్య పరిష్కారమైంది: ఆ హెచ్చరిక అక్కర్లేదని నిపుణులు తేల్చారంటూ నియమంలోంచి ఆ వాక్యాన్నే తీసేశారు. నిపుణులు చెప్పింది నిజమే కావచ్చు. గింజల ద్వారా అందే ఇనుము అంత కొద్దిగా ఉంటే ప్రమాదం లేకపోవచ్చు. అయితే పెట్టినప్పుడూ తీసినప్పుడూ ఆ వాక్యం ఎవరి కోసమో ఆ మనిషికి మాత్రం రెండుసార్లూ కబురందలేదు.

ఇలా జరక్కూడదని ఒక కట్టుబాటు కూడా ఉంది. చట్టం ఏది తెచ్చినా ముసాయిదాను కనీసం ముప్పై రోజులు ప్రజల ముందుంచాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని బయటపెట్టాలని 2014 ఫిబ్రవరిలో కేంద్రమే నిర్ణయించుకుంది. వీలుకాకపోతే కారణం రాసుకుని మానేయొచ్చని చివర ఒక వెసులుబాటు ఉంచుకుంది. మానేయడంలో మనకున్న నేర్పుకి మూడు సాగు చట్టాలే సాక్ష్యం. 2020 జూన్ 5న, కరోనా కాలంలో ఆర్డినెన్సులుగా వచ్చాయి. వాటిలో రెండు సెప్టెంబరు 20న రాజ్యసభలో ఓట్లు లెక్కపెట్టమని ప్రతిపక్షం అడుగుతుంటే మూజువాణి ఓటుతో నెగ్గాయి. ఇవి తొందరపడి తెచ్చినవి కావు, రెండు దశాబ్దాల మేధోమథనం ఫలితమని ప్రభుత్వం తర్వాత సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. ఇరవై ఏళ్లు మథించినవాళ్లకు ముప్పై రోజులు దొరక్కపోవడమే విడ్డూరం. ఏడాదికి పైగా రైతులు ఢిల్లీ పొలిమేరల్లో కూర్చున్నాక, 2021 నవంబరు 29న ఆ చట్టాలు ఉభయసభల్లోనూ చర్చ లేకుండానే రద్దయ్యాయి.

సంప్రదింపు అసలు జరగదని కాదు. జరిగితే ఎలా ఉంటుందో జన్యుమార్పిడి ఆవాల వ్యవహారం చెబుతుంది. ఆ పంట భద్రతా పరీక్షల వివరాలు బయటపెట్టమని 2016 ఏప్రిల్‌లో కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్న మన మాడభూషి శ్రీధర్ ఆచార్యులు ఆదేశించారు. ఆ సెప్టెంబరులో పర్యావరణ శాఖ ఒక సంక్షిప్త నివేదికను అందరికీ చూపించి, నెల రోజుల్లో అభిప్రాయాలు చెప్పమంది. పూర్తి పత్రాలు కావాలంటే? ముందుగా అనుమతి తీసుకుని ఢిల్లీలోని మంత్రిత్వ శాఖ కార్యాలయానికి వచ్చి అక్కడే కూర్చుని చదువుకోవచ్చు. నేలకొండపల్లి రైతో, నంద్యాల రైతో రైలెక్కి వెళ్లి, వేల పేజీల ఇంగ్లిషు పత్రాల్లో అలర్జీ పరీక్షల పట్టికలు తిరగేసి, సాయంత్రానికి అభ్యంతరం రాసిచ్చి రావచ్చన్నమాట. తలుపు తెరిచే ఉంది, రాకపోవడం వాళ్ల తప్పే.

ఇదే ప్రభుత్వ యంత్రాంగం కొందరి మాట ఎంత ఓపిగ్గా వింటుందో చూస్తే ముచ్చటేస్తుంది. చిప్స్, బిస్కెట్ల ప్యాకెట్ల మీద ఉప్పు, చక్కెర, కొవ్వు మోతాదు మించితే ఎర్ర రంగులో చూపించాలని 2018లో ఒక ముసాయిదా వచ్చింది. కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. వెంటనే పునఃపరిశీలనకు కమిటీ వేశారు. 2022లో ఎరుపు పోయి నక్షత్రాలు వచ్చాయి: హెచ్చరిక బదులు అరచుక్క నుంచి అయిదు చుక్కల దాకా మార్కులు. దాని మీద 14 వేల అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. వాటిని పరిశీలిస్తూ పరిశీలిస్తూ 2025లో సుప్రీంకోర్టు గడువు పెట్టేదాకా వచ్చింది; ఆ గడువునూ పొడిగించమని అడిగారు. ఏడేళ్లలో ప్యాకెట్ ముందు ఒక చుక్క పెట్టలేకపోయిన వ్యవస్థే, మూడేళ్లలోపు దేశంలోని రేషన్ బియ్యమంతా మార్చేసింది. తేడా ఎక్కడుందో వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. మొదటిదాంట్లో ఎదురు మాట్లాడేవాడికి లాయరున్నాడు, రెండోదాంట్లో ఉన్నది రేషన్ కార్డు.

దీనికి వచ్చే జవాబు తెలిసిందే: ఆహార విజ్ఞానం నిపుణుల పని, వదంతులు నమ్మే జనాన్ని అడిగితే పనులు జరగవు. ఇందులో సగం నిజముంది. ఇనుము ఎన్ని మిల్లీగ్రాములుండాలో గ్రామసభలో చేతులెత్తి తేల్చలేం. కానీ ఎవరి ఇంట్లో ఏ జబ్బుందో, గంజి వార్చి తింటారో అత్తెసరు పెడతారో, తేలిన గింజను ఏం చేస్తారో ఆ నిపుణులకు చెప్పగలిగింది ఆ గ్రామసభే. పైగా జనాన్ని నిజంగా అడిగిన సందర్భం ఒకటుంది. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయకు 2009 అక్టోబరులో నిపుణుల కమిటీ పచ్చజెండా ఊపితే, అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ 2010 జనవరి, ఫిబ్రవరుల్లో హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో సభలు పెట్టారు. దాదాపు ఎనిమిది వేల మంది వచ్చారు. అరుపులూ, కేకలూ, వంకాయ దండలూ అన్నీ అయ్యాయి. అయినా సభలన్నీ నెల రోజుల్లోపే ముగిశాయి, ఫిబ్రవరి 9న నిర్ణయం వచ్చింది, ఎవరేమన్నారో, తానెందుకలా తేల్చాడో మంత్రి రాసి బయటపెట్టాడు. ఆయన విధించిన మారటోరియం తప్పని వాదించేవాళ్లున్నారు; వాదించుకోవడానికి వాళ్ల చేతిలో కారణాల కాగితమంటూ ఉంది. ఆలస్యమవుతుందన్న వాదన కూడా అక్కడే వీగిపోతుంది. ఆ పద్ధతి మళ్లీ పాటించకపోవడానికి కారణం, అది విఫలం కావడం కాదు, పనిచేయడం.

ఎన్నికల్లో ఓటేశారుగా, మళ్లీ మళ్లీ అడగడమెందుకని ఇంకొందరంటారు. ఓటు వేసినవాడు బి12 విటమిన్‌కి వేయలేదు, ఆవాల జన్యువుకీ వేయలేదు. 2024 జులైలో ఆవాల కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులూ మిగతా విషయాల్లో చెరొక దారి పట్టినా, జన్యుమార్పిడి పంటలపై అందరినీ సంప్రదించి జాతీయ విధానం రూపొందించమని చెప్పడంలో ఒక్కటయ్యారు. వీలైతే నాలుగు నెలల్లో అన్నారు. ఆ నాలుగు నెలలూ ఆ నవంబరులోనే అయిపోయాయి.

పోనీ, జనం ఏమనుకుంటున్నారో తెలుసుకునే మార్గం సర్కారుకు లేకపోలేదు. దొడ్డు బియ్యం మాకొద్దని తెలుగువాళ్లు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. కాగితం మీద కాదు, తెచ్చుకున్న బియ్యాన్ని తెచ్చుకున్నట్టే దళారికి అమ్మి. పేదరికం, దళారుల దందా కూడా అందులో ఉన్నాయి, కాదనలేం. కానీ నోటికి రుచించే బియ్యాన్ని ఇంతమంది ఇన్నేళ్లు అమ్ముకోరు. తెలంగాణ 2025 ఉగాదికి గానీ సన్నబియ్యం మొదలుపెట్టలేదు. ఇటు ఆంధ్రప్రదేశ్‌లో ఆ అభిప్రాయం బస్తాల్లోకెక్కి, లారీల్లోకెక్కి, కాకినాడ రేవు దాకా వెళ్లింది. 2024 నవంబరులో ఉపముఖ్యమంత్రి స్వయంగా రేవుకు వెళ్లి ఓడను సీజ్ చేయమన్నారు. ఓడ పశ్చిమాఫ్రికాకు బయల్దేరబోతోంది. అధికారులు దాన్ని అక్రమ రవాణా కింద రాసుకున్నారు.