పియానో పద్యానికి టీకా తాత్పర్యం

ఎండ తగలనీకు ఎలుక దూరగనీకు
మూత మీద లోట మోప వలదు
తడిసినట్టి గుడ్డ దరికి రానీయకు
ఏట రెండుసార్లు ఎంచు సుతిని

అవతారిక: తిరుపతిలో కొత్తగా పియానో కొని, దాని మీద పూలకుండీ పెట్టుకున్న ఒక గృహస్థుకు కవి బుద్ధి చెబుతున్నాడు.

ప్రతిపదార్థం: (ఓ గృహస్థా! అని అధ్యాహారం) ఎండ = కిటికీలోంచి పడే మే నెల ఎండను; తగలనీకు = సోకనీయకు; ఎలుక = మూషికమును; దూరగనీకు = పెడళ్ల సందులోంచి లోపలికి పోనీయకు; మూత మీద = పియానో పైమూతపై; లోట = కాఫీ లోటాను (లక్షణచేత పూలకుండీ, శుభలేఖలు, కొండ నుంచి వచ్చిన లడ్డూ కవరు కూడా); మోప వలదు = పెట్టవద్దు; తడిసినట్టి గుడ్డ = ఇల్లు తుడిచే గుడ్డను; దరికి రానీయకు = దగ్గరికి చేరనీయకు; ఏట = సంవత్సరంలో; రెండుసార్లు = రెండు పర్యాయాలు; సుతిని = శ్రుతిని; ఎంచు = పరీక్షింపజేయుము.

తాత్పర్యం: పియానోను బల్లలాగా వాడకు. పొడిబట్టతో తుడువు. ఆర్నెల్లకోసారి ట్యూనర్‌ను పిలువు.

విశేషాలు: “తగలనీకు ఎలుక” అన్నచోట విసంధి దోషం కదా అంటే, ఎలుకకూ పియానోకూ సంధి కుదరరాదని కవి హృదయం. కారణముంది. మెట్టు నొక్కితే లోపల కొయ్య మీటలు కదిలి, ఫెల్టు తొడిగిన సుత్తి తీగను కొట్టి, అక్కడే ఆనుకోకుండా వెంటనే వెనక్కి పడుతుంది. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టొఫొరి సాధించిన కిటుకు ఇదే. వేలెత్తగానే మరో ఫెల్టు దిండు వచ్చి తీగ మీద వాలి నాదాన్ని ఆపుతుంది. ఫెల్టంటే ఉన్ని. ఎలుకకు పరుపు, చిమ్మటకు భోజనం.

“శ్రుతిని” అని రాస్తే ముందున్న “చు” గురువై గణభంగం. ఛందస్సు కోసం కవి శ్రుతి తప్పాడు. గృహస్థుకు ఆ వెసులుబాటు లేదు. వేసవిలో సౌండ్‌బోర్డు చెక్క ఎండి కుంచించుకుంటే స్వరం దిగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకు ఉబ్బితే స్వరం ఎక్కుతుంది. 88 మెట్లకు సుమారు 230 తీగలు. అన్నిటి బిగువూ కలిపితే 18 టన్నుల దాకా ఉంటుంది. వైణికుడు తన బిరడలు తానే తిప్పుకుంటాడు. ఇక్కడ చేతగాని చెయ్యి పడితే తీగ తెగుతుంది.

పూర్వపక్షం: పియానో మన సీమకు పరాయిది, దానికి ఆటవెలది ఎందుకు?

సమాధానం: 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో, బిసెంట్ థియసాఫికల్ కళాశాలలో బస చేశాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఐర్లండులో సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషి. జనగణమన బాణీని అక్కడే ఆమె పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించింది. వందేళ్లు దాటిన చుట్టరికాన్ని పరాయిది అనలేం.

కొనబోయేవారికి ఒక మాట. దుకాణంలో ముందు ట్యూనర్ ఎవరు, ఎక్కడి నుంచి రావాలి, ప్రయాణ ఖర్చు ఎవరిది అని అడగండి, ధర తర్వాత. జవాబు సరిగా రాకపోతే ఎలక్ట్రానిక్ కీబోర్డు కొనుక్కోండి. దానికి ఈ పద్యంలో మొదటి మూడు పాదాలు చాలు.